ఒక్క బిడ్డ, ఐదు దరఖాస్తులు

(ఇంటర్మీడియట్ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఏర్పాటైన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ఈ హాలులోకి రాకముందే ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు ఫొటో దిగి వచ్చారు. మేము చూశాం, సంతోషించాం. ఆ భవనం 1939లో ప్రారంభమైంది. విశ్వవిద్యాలయం అంతకు రెండు దశాబ్దాల ముందే, 1918లో మొదలైంది. ఈ దేశపు భాషలో, ఉర్దూలో, వైద్యం, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం దాకా బోధించాలన్న సంకల్పంతో దీనిని నెలకొల్పారు. పాఠ్యపుస్తకాలు లేవంటే అనువాదాల కోసం ఒక సంస్థనే స్థాపించారు. భాష తెలియక ఏ విద్యార్థీ గుమ్మం దగ్గర ఆగిపోకూడదన్నది ఆనాటి ఆలోచన. ఈనాడు మన పిల్లలు గుమ్మం దగ్గర ఆగిపోతున్న కారణాలు వేరు. వాటిలో ఒక్కదానిని గురించే మేము మాట్లాడతాం: ఏ ప్రవేశ పరీక్ష మీద మనసు పెట్టాలి?

చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ గత కొన్నేళ్లుగా మా దగ్గరకు వచ్చిన కుటుంబాలలో ఎక్కువ కన్నీరు ఈ ప్రశ్న దగ్గరే చూశాం. బిడ్డ ఒక్కరే. దరఖాస్తులు మాత్రం నీట్, ఈఏపీసెట్, జేఈఈ, సీయూఈటీ, ఇంకా ఎవరో చెప్పిన మరొకటి. అన్నీ రాయిస్తే ఏదో ఒకటి తగులుతుందని తల్లిదండ్రుల ఆశ. పావురాలను వలవేసి పట్టే పద్ధతి ఇది. పరీక్షలు అలా చిక్కవు.

మా సంగతి ముందు చెప్పుకోవడం న్యాయం. మేము జిల్లా నుంచి వచ్చి తార్నాకలో ఒక గదిలో నలుగురితో కలిసి ఉన్నవాళ్లం. ఇంటర్‌లో లెక్కల గ్రూపు మా ఇష్టం కాదు, మా కాలేజీ వారి ఇష్టం. ఎంసెట్ రాశాం, ర్యాంకు చెప్పుకోదగ్గది కాదు. డిగ్రీ పూర్తయ్యాక ఉస్మానియాలో పీజీ ప్రవేశానికి వేరే పరీక్ష ఉంటుందన్న సంగతి మాకు ఏ అధ్యాపకుడూ చెప్పలేదు. తార్నాకలో చాయ్ తాగుతున్నప్పుడు పక్క బల్ల మీద కూర్చున్న ఒక అన్న చెప్పాడు. దరఖాస్తుకు ఆఖరు తేదీ రెండు రోజుల్లో ఉంది. ఆయన పేరు కూడా అడగలేదు మేము. ఆ పరీక్ష ఇప్పుడు సీపీగెట్ పేరుతో రాష్ట్రంలోని అనేక విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా జరుగుతోంది, నిర్వహించేది ఉస్మానియాయే. మన సముదాయంలో విద్యావకాశం అన్నది ఇంకా చాయ్ బల్ల మీద దొరికే సమాచారంగానే ఉండటం మమ్మల్ని బాధిస్తుంది.

ఇప్పుడు లాలాగూడలో మేము ఎరిగిన ఒక ఇంటి సంగతి. తండ్రి బైకుల మెకానిక్. కూతురు బైపీసీలో మంచి మార్కులతో పాసైంది. నీట్ రాసింది, సీటుకు చాలలేదు. అదే ఏడాది ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు బీఫార్మసీ సీటు దొరికేది. డాక్టరు కావలసిన పిల్లకు మందుల షాపు చదువు ఎందుకని కౌన్సెలింగ్‌కే పోలేదు. తల్లి గాజులు అమ్మి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పించింది. రెండోసారీ చాలలేదు. అప్పటికి బంధువులు సంబంధాలు తెస్తున్నారు. అమ్మాయి మా దగ్గరకు వచ్చినప్పుడు అడిగిన మాట ఇప్పటికీ మా చెవిలో ఉంది: “అంకుల్, నేను ఫెయిలయ్యానా, లేక తప్పు పరీక్ష రాశానా?”

ఆమె ఫెయిల్ కాలేదు. తప్పు పరీక్ష రాసిందని కూడా మేము అనం. ఒకే పరీక్షను లోకమంతా అనుకొని, పక్కనున్న దానిని ఎంగిలి మెతుకుగా చూశారు ఆ ఇంట్లో. అంతే జరిగింది.

బైపీసీ పిల్లల కోసం కాస్త వివరంగా చెప్పాలి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పుకు ఒక మార్కు పోతుంది. ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగంలో 160 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పుకు కోత లేదు. రెండింటిలోనూ జీవశాస్త్రానిదే పెద్ద వాటా, పాఠాలు చాలావరకు ఒకటే. కనుక ఒకదానికి చదివితే రెండోది దానంతట అదే వస్తుందని కోచింగ్ వాళ్లు చెబుతారు. సగమే నిజం. ఒక పరీక్షలో తెలియని ప్రశ్నను వదిలేయడం తెలివి, మరొకదానిలో వదిలేయడం తెలివితక్కువతనం. ఏడాది పొడవునా వదిలేయడం నేర్చుకున్న చేయి చివరి పది రోజుల్లో అన్నీ నింపడం నేర్చుకోదు. నీట్ మీదే మనసు పెట్టినా సరే, మార్చి నుంచి వారానికొక ఈఏపీసెట్ పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టుకొని రాయించండి. ఎందుకంటే ఆ రెండో పరీక్ష వెనుక వ్యవసాయ డిగ్రీ ఉంది, పశువైద్యం ఉంది, ఫార్మసీ ఉంది. పశువైద్యం చదివిన మన అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో మీ బస్తీలో లెక్కపెట్టి చూడండి. నీట్ వెనుక కూడా ఎంబీబీఎస్ ఒక్కటే లేదు. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాలలో యునానీ వైద్యవిద్యకు కూడా నీటే దారి. మన హకీముల విద్య అది, మన ఇళ్లలో దాని ఊసే ఉండదు.

పరీక్షలను నమ్ముకోవడానికీ ఒక హద్దు ఉంటుంది. 2016ను గుర్తు చేసుకోండి. ఆ ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నీట్ జరపాలని ఆదేశించింది. మే 1న మొదటి విడత జరిగింది. తరువాత ఆర్డినెన్స్ వచ్చి రాష్ట్ర సీట్లకు ఆ ఏడాది మినహాయింపు ఇచ్చింది. తెలంగాణలో వైద్య సీట్ల కోసం జూలై 9న ఎంసెట్-2 పెట్టారు. జూలై 24న నీట్ రెండో విడత. ఎంసెట్-2 ప్రశ్నపత్రం లీకయిందని తేలి దానిని రద్దు చేశారు. సెప్టెంబర్ 11న ఎంసెట్-3. ఒక్క ఎంబీబీఎస్ సీటు కోసం పిల్లలు అయిదు నెలల్లో మూడేసి సార్లు పరీక్ష రాశారు. డబ్బున్న ఇంటి పిల్లవాడు ఆ అయిదు నెలలూ హాస్టల్లో ఉండి చదువుకోగలడు. మెకానిక్ కూతురు ఇంటికి తిరిగి వచ్చి మళ్లీ పుస్తకం తెరవాలి. 2017 నుంచి రాష్ట్రంలో వైద్య సీట్లకు నీట్ ఒక్కటే అయింది. అయినా 2024లో ఆ పరీక్షలో 1,563 మందికి ఇచ్చిన గ్రేస్ మార్కులు రద్దు చేసి మళ్లీ పరీక్ష పెట్టడం మీకు తెలిసిందే. అందుకే ఏ పరీక్షకైనా మొత్తం జీవితాన్ని తాకట్టు పెట్టకూడదని పదే పదే అంటున్నాం.

ఇక అసలు విషయానికి వద్దాం. దీనిని కోచింగ్ సెంటర్లు చెప్పవు, చెప్పవలసిన అవసరం వాటికి లేదు. పరీక్షను ఎంచుకోవడమంటే ఏ జాబితాలో నిలబడతామో ఎంచుకోవడం కూడా.

తెలంగాణలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2007 చట్టం ద్వారా వచ్చింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేస్తే, అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగించింది. షేక్, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజాములు, ఫకీర్లు, ఖురేషీలు ఇందులో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ వర్గాలు లేవు. దూదేకుల సోదరులు బీసీ-బిలో ఉన్నారు. ఇదంతా రాష్ట్ర జాబితా. ఈఏపీసెట్, లాసెట్, డిగ్రీ ప్రవేశాల దోస్త్, ఇవన్నీ ఈ జాబితా ప్రకారం నడుస్తాయి.

కేంద్ర ఓబీసీ జాబితా వేరు. అందులో దూదేకుల పేరు ఉంది. బీసీ-ఈలోని వర్గాలలో చాలావాటి పేర్లు కనిపించవు. జేఈఈ ద్వారా వరంగల్ నిట్‌లో చేరాలన్నా, సీయూఈటీ ద్వారా గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరాలన్నా చెల్లేది కేంద్ర జాబితా. మాకు తెలిసిన ఒక యువకుడు ఇంట్లో బీసీ-ఈ పత్రం ఉంది కదా అని జేఈఈ దరఖాస్తులో ఓబీసీ అని నింపాడు. నింపింది అతను కూడా కాదు, ఇంటర్నెట్ సెంటర్ వాడు. ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, ధ్రువపత్రాల పరిశీలనలో పోయింది. అతని పేరు కేంద్ర జాబితాలో లేదు కనుక, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, భూమి, ఇంటి నిబంధనలు కూడా సరిపోయిన పక్షంలో, ఆర్థికంగా బలహీన వర్గాల కోటాకు, అంటే ఈడబ్ల్యూఎస్‌కు, అర్హుడయ్యేవాడు. ఆ పత్రం మాత్రం ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలి. రాష్ట్రంలో మీరు బీసీ కదా, మీకు ఈడబ్ల్యూఎస్ ఎలా ఇస్తామని మండల కార్యాలయంలో తిప్పి పంపిన సందర్భాలు మాకు తెలుసు. రెండు జాబితాల తేడా పరీక్ష రాసే పిల్లవాడికే కాదు, బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగికి కూడా చెప్పవలసి వస్తోంది.

నీట్‌లో ఇంకో చిక్కు. పరీక్ష ఒకటే, జాబితాలు రెండు. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటావి, వాటికి కేంద్ర జాబితా. మిగిలిన 85 శాతానికి రాష్ట్ర జాబితా. కనుక షేక్ కుటుంబపు అమ్మాయి నీట్ దరఖాస్తులో తనను కేంద్ర నిబంధన ప్రకారం చూపించుకోవాలి, తరువాత రాష్ట్ర కౌన్సెలింగ్ దరఖాస్తులో బీసీ-ఈ అని చూపించుకోవాలి. రెండు చోట్లా ఒకేలా ఉండాలి కాబోలునని భయపడి ఒకదానిని చెడగొట్టుకున్న వారున్నారు. దయచేసి ఈ ఒక్క మాట అయినా రాసుకొని వెళ్లండి.

కేంద్ర జాబితాలో మన వర్గాలను చేర్చాలన్న కోరిక మనది, దానికోసం వినతిపత్రాలు ఇస్తూనే ఉంటాం. అది జరిగేదాకా ఈ ఏడాది పరీక్ష రాసే బిడ్డ ఆగలేడు కదా. ర్యాంకు చేతికి అందే దూరంలో ఉన్న పిల్లవాడు జేఈఈ రాయాల్సిందే. కానీ రిజర్వేషన్ ఊతం లేకుండా ఆ పోటీలో నిలబడగలడా లేదా అన్నది డిసెంబర్‌లోనే మాక్ పరీక్షలు చెబుతాయి. అవి చెప్పింది వినాలి. సగటు మార్కులతో ఉన్న వాడికి 4 శాతం కోటా ఉన్న రాష్ట్ర పరీక్ష మీద పూర్తి బలం పెట్టడమే మేలని మా అభిప్రాయం. మాతో విభేదించే మిత్రులు ఈ హాలులోనే ఉన్నారు. లక్ష్యం తగ్గించుకోమంటున్నామని వారి ఆరోపణ. గుమ్మం దాటాక పైమెట్లు ఎక్కవచ్చునని మా జవాబు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాం. కన్వీనర్ కోటాలో సీటు వస్తేనే ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాలో చేరి తరువాత స్కాలర్‌షిప్ తెచ్చుకుందామనుకుంటే రాదు. ఆ ఫీజు కూడా సకాలంలో విడుదల కాక, కళాశాల వాళ్లు సర్టిఫికెట్లు ఆపివేస్తే, ఉద్యోగం వచ్చిన పిల్లలు తిరుగుతున్న సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. 2022 డిసెంబర్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసినప్పుడు పరిశోధన దాకా వచ్చిన మన పిల్లలకు ఉన్న ఒక ఆసరా పోయింది. దేశంలో ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థుల సంఖ్య 2019-20లో 21 లక్షలు ఉంటే మరుసటి ఏడాదికి 19.21 లక్షలకు తగ్గిందని కేంద్ర విద్యాశాఖ సర్వేయే చెప్పింది. కోవిడ్ ఏడాది అది, నిజమే. కానీ మొత్తం విద్యార్థుల సంఖ్య పెరిగిన ఏడాది కూడా అదే.

భాష గురించి రెండు మాటలు. మనలో ఉర్దూ మీడియం పిల్లలున్నారు, జిల్లాల నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలున్నారు. ఈఏపీసెట్ ఇంగ్లీషుతో పాటు తెలుగులో, ఉర్దూలో ఉంటుంది. నీట్, జేఈఈ మెయిన్ ఉర్దూ, తెలుగు సహా పదమూడు భాషల్లో ఉన్నాయి. కానీ జేఈఈ అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు, హిందీలలోనే. న్యాయవిద్యకు క్లాట్ ఇంగ్లీషులోనే, లాసెట్‌కు ఆ ఇబ్బంది లేదు. లాసెట్‌లో తప్పుకు కోత కూడా లేదు. న్యాయవాదులు కావాలని మన సభలన్నిటిలో అంటాం, లాసెట్ దరఖాస్తు తేదీ ఎవరికీ గుర్తుండదు. ఉర్దూ చదివిన పిల్లలకు మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం మన నగరంలోనే 1998 నుంచి ఉంది. ఇక ఏ ఎంట్రన్సూ లేకుండా, ఇంటర్ మార్కులతోనే దోస్త్ ద్వారా డిగ్రీలో చేరడాన్ని ఓటమిగా చూడటం మానాలి.

ఎందుకో చూపిస్తాం. ఈ సదస్సు అయ్యాక తార్నాక వైపు నడుచుకుంటూ వెళ్లండి. ముళ్లతీగ కంచె దగ్గరి నాకా కనుక తార్నాక అయిందని పెద్దలు చెబుతారు. జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. చౌరస్తా దాటి హబ్సిగూడ వైపు తిరిగితే రసాయన సాంకేతిక సంస్థ, సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ వరుసగా ఉంటాయి. దేశంలోనే పేరున్న ప్రయోగశాలలు ఇవి. వీటిలోకి వెళ్లే దారి ఎంబీబీఎస్ ఒక్కటే కాదు. బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి, ఆ తరువాతి పరీక్షలు రాసి వెళ్లేవారే ఎక్కువ. మౌలాలి నుంచి, లాలాగూడ నుంచి మన పిల్లలు ఈ గోడల పక్కగానే నీట్ కోచింగ్‌కు బస్సులో పోతుంటారు. లోపల ఏం చేస్తారో ఒక్కసారైనా వారికి ఎవరైనా చెప్పారా?

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. పరీక్షను ఎంచుకునేటప్పుడు మీరు దూరం చూస్తారు, హాస్టల్ చూస్తారు. చూడండి, తప్పు లేదు. అయితే దరఖాస్తు పెట్టకముందే చూడండి. పరీక్ష రాయించి, ర్యాంకు వచ్చాక, అంత దూరం పంపమని సీటు వదిలేయించడం కంటే పెద్ద అన్యాయం లేదు. ఏ ఊళ్ల దాకా పంపగలరో ఇంట్లో కూర్చొని ఒక కాగితం మీద రాయండి, బిడ్డ ముందు రాయండి. హిజాబ్ గురించి అడుగుతున్నారు. నీట్ నిబంధనల్లోనే సంప్రదాయ దుస్తులతో వచ్చేవారు తనిఖీ కోసం ముందుగా కేంద్రానికి చేరుకోవాలని ఉంది. అంటే అనుమతి ఉంది, సమయం మాత్రం మీరు ముందుగా కేటాయించాలి. ఆ నిబంధన ఉన్న పేజీని ముద్రించుకొని దగ్గర పెట్టుకోండి. గేటు దగ్గర వాదించే కంటే కాగితం చూపడం సులువు.

మరి ఎలా నిర్ణయించాలి? మా ఇంట్లో మేము చేసింది చెబుతాం. సెలవు రోజున మా అబ్బాయికి మూడు గంటలు ఒక పాత ప్రశ్నపత్రం ఇచ్చాం, మరుసటి వారం ఇంకొకటి. మార్కులకంటే, రాసి లేచాక వాడి ముఖం చూశాం. ఒకదాని తరువాత వాడు తప్పయిన ప్రశ్నలు వెతుక్కున్నాడు. రెండోదాని తరువాత పడుకున్నాడు. వాళ్ల అమ్మీ అప్పుడే చెప్పేసింది ఏది వాడిదో. మేము ఇంకో నెల వాదించి ఆమె మాటకే వచ్చాం.

లాలాగూడ అమ్మాయి సంగతి మధ్యలో వదిలేశాం. ఆమె మూడోసారి నీట్ రాయలేదు. దోస్త్‌లో దరఖాస్తు చేసి, పోషకాహారం ఒక సబ్జెక్టుగా బీఎస్సీలో చేరింది. ఇప్పుడు మూడో సంవత్సరం. తార్నాకలోని ఆ సంస్థలో ఎమ్మెస్సీ చేయాలని చదువుతోంది. సంబంధాలు ఇంకా వస్తున్నాయి, తండ్రి ఇప్పుడు తానే వద్దంటున్నాడు. ఆమె ఈ హాలులోనే వెనుక వరుసలో ఉంది, పేరు చెప్పవద్దని కోరింది. జొహర్ నమాజు తరువాత బయట చెట్టు కింద బల్ల దగ్గర కూర్చుంటుంది, కుల, ఆదాయ పత్రాలు వెంట తెచ్చిన వారు ఆమెకు చూపించండి. రెండు జాబితాలూ ఆమె దగ్గర ఉన్నాయి.